మోగించకుండా కొన్న కుండ

జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డునున్న కుమ్మరుల ఊళ్లో ఒక అవ్వ దగ్గర నీళ్ల కుండ కొన్నాను. మన్ను ఎక్కడ తవ్వుతారని అప్పటికే రెండుసార్లు అడిగాను. ఆమె ఇచ్చిన కుండను అలాగే సంచిలో పెట్టబోయాను.

అవ్వ దాన్ని లాక్కుని వేలి కణుపుతో కొట్టింది. మొద్దుగా మోగింది. అడుగున సన్నటి బీట!

“కావాలనే ఇచ్చినా. కుండ కొనేటోడు ఎవడన్నా మోగించకుండా తీసుకుంటాడా? యేట్లో మన్ను తవ్వుతాండామని కేసు రాసుకపోయేదానికి వచ్చినావు నువ్వు.”

“ఊరు చూద్దామని వచ్చానవ్వా.”

“కుమ్మరోళ్ల ఊర్లో చూసేదానికి ఏముంది?”

ఇంకో కుండ చేతికిచ్చింది. ఈసారి కొట్టి చూశాను. ఖంగుమంది. “బాగుందవ్వా” అన్నాను.

అవ్వ కుండవైపు చూడనేలేదు.

“శానా తొందరగా నేర్చుకున్నావే. ఇప్పుడు చెప్పు, ఏ ఆఫీసప్పా నీది?”