నాలుగెకరాలకొక తూటా

1979 జూన్‌లో తిరుత్తణి దగ్గరి ఒక చక్కెర మిల్లు నన్ను చెరకు విభాగంలో ఫీల్డు ఆఫీసరుగా తీసుకుని కే.జీ.కండిగై సెక్షనుకు వేసింది. ఫీల్డు ఆఫీసరుకు చక్కెరతో పని లేదు. రైతు నాటిన తేదీ నమోదు చేసుకోవడం, ఎకరాలు కొలవడం, ఆ వరుసలో ఎవరి చెరకు ఎప్పుడు నరకాలో కటింగ్ ఆర్డరు ఇవ్వడం అతని విధి. నాటిన తేదీ, ఎకరాల లెక్క, ఈ రెండే మా శాఖకు ధర్మశాస్త్రం. రైతులకూ అంతే.

ఆ సంవత్సరం నక్కల బెడద ఎక్కువైంది. నక్క చెరకును తినదు, రుచి చూస్తుంది. ఒక గడ మొదలు కొరికి, రసం పీల్చి, నచ్చనట్టు పక్క గడకు పోతుంది. మామూలు తోటకు ఇది నష్టం మాత్రమే. విత్తనపు తోటకు చావు. విత్తనపు తోట గడలను ముచ్చెలు అనే చిన్న ముక్కలుగా నరికి ఇతర రైతులకు నాటడానికి ఇస్తాం. ప్రతి ముచ్చెకూ మొలకెత్తే కళ్ళు చెడకుండా ఉండాలి. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో తనిఖీ జరుగుతుంది. అందులో కొట్టివేసిన తోటకు కటింగ్ ఆర్డరు అందరికన్నా చివర వస్తుంది. అప్పటికి ఎండలకు గడ బెండై, బరువంతా పోతుంది.

ఆ ఏడు విత్తనపు తోట తొలిసారి మునిరత్నం నాయుడికి వచ్చింది. కే.జీ.కండిగైలో ఐదెకరాల రైతు. ఆయన చేను గట్టు అవతలే ఆయన బావ గోవిందస్వామి నాయుడి మూడెకరాలు. విత్తనపు తోట కోసం ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. మునిరత్నం నాయుడు నాతో చెప్పింది ఒకటే మాట.

"తోట పోతే పోనీ అయ్యా, ఇంకో ఏడు నాటుకొంటా. మా బావ నోట్లో పడేది మాత్రం నా వల్ల కాదు. ఆయప్ప పెండ్లి విందులో కూడా నా చెరకు మాటే ఎత్తుతాడు."

జనరల్ మేనేజరు నన్ను పిలిపించి, మాది మిట్టాదారుల కుటుంబం కాబట్టి తుపాకుల సంగతి తెలిసే ఉంటుందన్నారు. తెలుసునన్నాను. మా తాతగారిది పదకొండు గ్రామాల మిట్టా, అంటే చిన్న జమీందారీ. మా ఇంట ఆయుధాల బీరువా ఒక గదంత ఉండేది. ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక బీరువా ఒక్కటే మిగిలింది, అందులో మా అమ్మగారు అప్పడాలు దాచేవారు. తాతగారి తుపాకుల కేటలాగులు కూడా మిగిలాయి. నేను ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నది వాటిలోనే. గురి కాలేజీ ఎన్.సి.సి.లో నేర్చుకున్నాను. కాబట్టి ఆ ప్రశ్నకు నేనిచ్చిన జవాబులో అతిశయోక్తి లేదు.

మేనేజరు గారి ఉద్దేశం పాయింట్ టూటూ రిమ్‌ఫైరు కొనమని. అది దేశంలోనే తయారవుతుంది, తూటాలు ఏ తుపాకుల షాపులో అడిగినా ఇస్తారు. నేను ఒప్పుకోలేదు. రిమ్‌ఫైరు తూటా చిన్నది, మందు తక్కువ. యాభై గజాలు దాటితే నక్క గాయపడుతుందే గాని పడదు. గాయపడిన జంతువును చెరకులోకి పంపించడం వేట తెలిసినవాడు చేసే పని కాదు. మా తోటల గట్ల మీద నక్క కనిపించేది నూరు గజాల దూరంలో. అందుకు తగినది పాయింట్ టూటూ హార్నెట్. గుండు లావు దాదాపు అంతే అయినా తూటా పొడవు, మందు ఎక్కువ, గుండు తిన్నగా వేగంగా పోతుంది. పంట కాపుదల కోసం మిల్లు పేరిట లైసెన్సుకు దరఖాస్తు పెట్టి, రకం అనే చోట హార్నెట్ అనే రాశాను. పేల్చే అధికారం నా ఒక్కడికే. తాలూకా ఆఫీసు విచారణ, పోలీసు విచారణ ముగిసి కలెక్టరు గారి సంతకం పడేసరికి వానలు మొదలయ్యాయి.

లైసెన్సులో హార్నెట్ అని పడ్డాక ఇంకొకటి కొనడానికి లేదు. హార్నెట్ ఎక్కడా లేదు. తిరువళ్ళూరులో తుపాకులు బాగుచేసే ఆయన ఆ పేరే వినలేదు. నేను బొమ్మ గీసి చూపిస్తే, అంత పొడుగు తూటాకు అంత చిన్న గుండా అని నవ్వి, టీ తెప్పించాడు. మద్రాసులో ఒక షాపులో ఒకటి దొరికింది. ఇంగ్లండు తయారీ, వాల్‌నట్ కర్ర, చెక్కిన పట్టు. మా తాతగారి కేటలాగులో ముప్పై నాలుగో పేజీలోది అదే. బోల్టు తీసి, వెనుక బొటనవేలి గోరు అడ్డుపెట్టి, ఆ గోటి మీది వెలుగులో గొట్టం లోపలికి చూశాను. చుట్లు తిరిగిన గాళ్ళు పదునుగా కనబడాలి. దానిలో తుప్పు పట్టిన బావి కనబడింది. తూటాలు కూడా లేవు, దిగుమతి ఆగి చాలా కాలమైందన్నారు. కర్ర ఎంత అందంగా ఉన్నా గుండు పోయేది గొట్టంలోంచి. వదిలేశాను. అంత అందమైన వస్తువును వదులుకోవడం మా కుటుంబానికి అలవాటైన పనే.

రెండోది తిరుత్తణిలోనే, నేను రోజూ సైకిలు మీద పోయే వీధిలోనే ఉంది. లుంగీల వ్యాపారం చేసే దొరసామి చెట్టియార్ దాన్ని అరక్కోణం వదిలిపోతున్న ఒక రైల్వే దొర దగ్గర కొన్నారు. అది చెకోస్లొవేకియా తయారీ, బోల్టు రకం, కర్ర మామూలుది, పట్టు మీద చిన్న చీలిక. మగ్గాల గదిలో పడుగు నూలు పక్కన నిలబెట్టి ఉంది. గోరు పెట్టి చూస్తే గొట్టం అద్దంలా మెరిసింది. చెట్టియార్ రోజూ పూజ కాగానే గొట్టం తుడవడానికి నూలు పోగుల చిలప ఒకటి అందులోంచి లాగేవారట.

"ఇట్లాంటిది యాడా దొరకదు సార్," అన్నారాయన. "నూలు ఆరబెట్టిన తావున కాకులు వాల్తావుంటే బెదిరించేదానికని తీసుకొన్నా. కాకులు బెదర్లేదు. మా ఇంటి ఆడోళ్ళు బెదిరినారు."

కాకుల మీద వాడినవి పోగా ఒకే పెట్టెలో ముప్పై రెండు తూటాలు మిగిలాయి. నాకు తెలిసినంతవరకు ఆ ప్రాంతంలో హార్నెట్ తూటాలు అవే. ఇద్దరి లైసెన్సుల్లోనూ రైఫిలు నంబరు ఎక్కించి, తాసిల్దారు గారికి చూపించి, గళ్ళ లుంగీలో చుట్టి కే.జీ.కండిగైకి తెచ్చాను.

అక్కడ చిక్కు మొదలైంది. నక్కల ఫిర్యాదు ఇచ్చిన రైతులందరూ గోదాము దగ్గర చేరి, ముందు మా చేనికంటే మా చేనికన్నారు. నేను మాకు తెలిసిన ఒకే పద్ధతి పాటించాను. ఫిర్యాదులో ఉన్న భూమి మొత్తం నూట ఇరవై ఎనిమిది ఎకరాలు, తూటాలు ముప్పై రెండు. నాలుగెకరాలకొక తూటా. ఎవరి తూటా వారి చేనిలో, వారి సమక్షంలో, వారు సరేనన్న నక్క మీదే పేలుస్తానని ప్రకటించాను. ఇంత న్యాయమైన పంపకం ఆ సెక్షనులో ఎప్పుడూ జరగలేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఐదెకరాల మునిరత్నం నాయుడికి ఒకటింబావు వచ్చింది.

"ఆ పావును ఏం చేసుకొనేదయ్యా?" అని అడిగాడు. "పళ్ళు కుట్టుకొనేదానికా?"

గోవిందస్వామి నాయుడి మూడెకరాలకు వచ్చింది ముప్పావు. ఆ పావూ ఈ ముప్పావూ కలిపి ఒక ఉమ్మడి తూటా చేశాను. అది ఎప్పుడు పేలాలో ముప్పావు ఉన్నవాడే చెప్పాలని గోవిందస్వామి, తోట తనది కాబట్టి తానే చెప్పాలని మునిరత్నం నాయుడు. ఆ తగవు తేల్చే నిబంధన చెరకు శాఖలో లేదు.

మరుసటి రోజు నుంచి ఆ బావాబావమరుదులిద్దరూ గట్టు వదలలేదు. ఎవడు లేనప్పుడు ఎవడు తూటా ఖర్చు చేయిస్తాడోనని ఇద్దరికీ అనుమానం. చాపలు, లాంతరు, చెంబు, చివరకు భోజనాలు కూడా గట్టు మీదికే వచ్చాయి. నేను పొద్దు పొడిచే వేళకు పోయి, గట్టు చివర మోకాలి మీద కూర్చునేవాణ్ణి. మూడో రోజు ఒక నక్క తోటలోంచి బయటికొచ్చింది. గురి పెట్టాను. మునిరత్నం నాయుడు నా భుజం పట్టుకున్నాడు.

"ఉండండయ్యా. ఇది బక్కది. దీనికి పోయి ఆ తూటానా?"

ఆ తరువాతి వారం పెద్దదే వచ్చింది, సరిగ్గా గట్టు మీద ఆగింది. నేను ఊపిరి బిగబట్టాను.

"అది నీ చేనిలో ఉండాది, నీ సొంత తూటా తియ్యి," అన్నాడు గోవిందస్వామి.

"తోక ఎవరి చేనిలో ఉండాదో చూడు బావా. ఉమ్మడిదే."

"తోకకా మేం ముప్పావు ఇచ్చేది?"

నక్క కూర్చుంది. కాసేపు ఇద్దరి వాదనా విన్నది. తరువాత లేచి, తొందర లేకుండా ఊత్తుకోట రోడ్డు వైపు నడిచిపోయింది. నేను బోల్టు వెనక్కి లాగి తూటా తీసి జేబులో వేసుకున్నాను. అనుమతి లేని తూటా పేల్చడం మా వంశంలో లేదు.

మిగతా చేలల్లోనూ ఇదే తీరు. ఒకరికి నక్క చిన్నదయింది, ఒకరికి ముసలిదయింది, ఒకాయనకు ఆ రోజు అమావాస్య అయింది. ఎవరి తూటా వారికి అపురూపం. దాన్ని కాచుకోవడానికి ప్రతి రైతూ తన గట్టు మీద కాపురం పెట్టాడు. రెండు నెలల్లో ఒక్క తూటా కూడా పేలలేదు.

తై నెలలో తనిఖీకి వచ్చిన అధికారులు మునిరత్నం నాయుడి తోటంతా తిరిగి, కొరికిన గడ కనబడక, విత్తనానికి పాస్ చేశారు. నాయుడు వాళ్ళకు దండం పెట్టలేదు, నాకూ పెట్టలేదు. బావ వైపు తిరిగి కండువా దులుపుకున్నాడు. గోవిందస్వామి మాత్రం ఆ తోటను కాచింది ముప్పావు వంతు తానేనని పెండ్లి విందుల్లో చెప్పడం మొదలుపెట్టాడు.

గట్లన్నీ మనుషులతో నిండిపోయాక నక్కలు మిల్లు కాంపౌండుకు చేరాయి. అక్కడ సందర్శకులకు చూపించే ఒక మాదిరి తోట ఉండేది. దానికి కాపలా లేదు. ఒక ఉదయం జనరల్ మేనేజరు గారు నన్ను పిలిపించి, కొరికిన గడ ఒకటి బల్ల మీద పెట్టి, వెంటనే రైఫిలుతో రమ్మన్నారు. మాదిరి తోట ఫిర్యాదుల జాబితాలో లేదనీ, మిల్లు వాటాకు తూటా రాలేదనీ, ఎవరైనా రైతు వ్రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప పేల్చలేననీ నిలబడే విన్నవించుకున్నాను. ఆయన గడ తీసి కిటికీలోంచి బయటికి విసిరారు. ఆ సాయంత్రం మాదిరి తోటకు ఇద్దరు కాపలావాళ్ళను వేశారు.

తూటా సులభంగా దొరికే తుపాకీనే కొనమని ఈ వృత్తిలో అందరూ చెబుతారు. వేటకు అది సరైన సలహా. పంట కాపుదలకు మాత్రం నేను మళ్ళీ హార్నెట్‌నే ఎంచుకుంటాను. తూటాలు విరివిగా ఉంటే రైతు పని నాకు అప్పజెప్పి ఇంట్లో పడుకునేవాడు. తూటా కరువైతే తానే గట్టు మీదికి వస్తాడు. నక్క భయపడేది మనిషికి.