పక్క లిఫ్టులో నిలబడి

మంగళవారం మధ్యాహ్నం నాలుగింటికి లిఫ్టు మెకానిక్కు తన చెల్లెలికి ఫోన్లో టార్చి ఆర్పడం ఎలాగో చెప్పాడు. ఆయన చేసిన చివరి మామూలు పని అది.

"పొద్దుట్నుంచీ వెలుగుతూనే ఉందన్నయ్యా. దిండు కింద పెట్టాను. ఇప్పుడు దిండు వెలుగుతోంది," అందామె.

"దిండు కింద పెడితే ఆరడానికి అదేమైనా కొవ్వొత్తా? బయటికి తియ్యి. పైనుంచి కిందికి వేలు లాగు."

"లాగాను. రాలేదు."

"కుస్తీ పట్టకు. దుమ్ము తుడిచినట్టు లాగు."

"ఆఁ, బొమ్మలొచ్చాయి."

"రెండో వరస. ఎడమనుంచి మూడోది. పసుపుపచ్చగా ఉంటుంది. ఒక్కసారి నొక్కు. ఒక్కసారే."

"ఆరింది."

"ఉంటా మరి," అన్నాడు.

తర్వాత భార్య ఇచ్చిన టీ సగం తాగి కుర్చీలో వెనక్కి వాలాడు. ఆవిడ కప్పు తీసుకెళ్ళడానికి వచ్చేసరికి కప్పులో టీ ఉంది, ఆయన లేడు. అరవై తొమ్మిదేళ్ళు.

చెల్లెలు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. ముప్పై ఏళ్ళు ఇతరుల వాక్యాల్లో తప్పులు ఏరిన మనిషి. ఆ చివరి మాటల్ని కూడా ఆమె అచ్చుప్రతిలా మళ్ళీ మళ్ళీ చదువుకుంది. దిండు, దుమ్ము, రెండో వరస, పసుపుపచ్చ. అందులో ఆమెకు కావలసిన మాట లేదు. నాలుగేళ్ళుగా ఆమె అన్నయ్యని ఒకటే అడగాలనుకుంటోంది, నామీద కోపం పోయిందా అని. ఆ రోజు టార్చి గురించి అడిగింది.

అన్నయ్యకు చిన్నప్పట్నుంచీ మూతలంటే పడదు. ఇంట్లో గోడగడియారం, ఇస్త్రీపెట్టె, అమ్మ వినే రేడియో, ఏదీ తన ఒంటిమీద మూతతో నెల రోజులు ఉండేది కాదు. రేడియోకి డబ్బా తీసేసి, తీగలన్నీ కనబడేలా చెక్కమీద పరిచాడు. మీట పోయింది. అమ్మ స్టేషను మార్చాలంటే పట్టకారు పట్టుకోవాలి. "వీడు పుట్టాక నేను పాట వినడం మానేసి పాటని పట్టుకోవడం మొదలెట్టాను," అనేదావిడ. విప్పిన ప్రతిదీ తిరిగి బిగించేవాడు, కాని ఒకటో రెండో స్క్రూలు మిగిలేవి. వాటిని ఒక డబ్బాలో వేసేవాడు. ఎవరైనా అడిగితే, "కంపెనీవాడు రెండు ఎక్కువిచ్చాడు" అనేవాడు. డబ్బా నిండింది. కంపెనీలు అంత ధర్మాత్ములని ఇంట్లో ఎవరికీ తెలియదు. పిల్లలు ఆయన్ని స్క్రూ మామయ్య అనేవాళ్ళు.

మూత విప్పి లోపల చెయ్యి పెట్టగలిగితేనే ఆ వస్తువు మనదని ఆయన నమ్మకం. చెల్లెలు అందుకు పూర్తిగా ఎదురు. బట్టలుతికే యంత్రంలో పదహారు రకాల ఉతుకుడు ఉంటే అన్నయ్య పదహారూ వాడి చూసి, పదిహేడోది ఎందుకు లేదని కంపెనీకి ఉత్తరం రాశాడు. ఆమె ఒకటే వాడేది. అదీ కొన్న రోజున దుకాణం మనిషి తిప్పి పెట్టినది.

ముప్పై ఎనిమిదేళ్ళు లిఫ్టుల పని చేశాడు. పెద్ద ఆఫీసు మేడల్లో పక్కపక్కనే రెండేసి లిఫ్టులుంటాయి, కవలపిల్లల్లా. ఒకటి మధ్యలో ఆగిపోయి లోపల మనుషులు ఇరుక్కుంటే మిగతా మెకానిక్కులు నేరుగా పైనున్న యంత్రాలగదికి పరిగెత్తేవాళ్ళు. ఈయన ముందు పక్క లిఫ్టు ఎక్కేవాడు. తలుపులు మూసుకుని, బటన్ల పలక ముందు నిలబడి, లోపలివాళ్ళకి ఫోను కలిపేవాడు. "ఇప్పుడు మీ కుడిచేతివైపు చూడండి. కింద ఎర్రమీట ఉంది. దాని పక్కన చిన్న తెల్లగీత అచ్చేసి ఉంటుంది, కనబడిందా? దాన్ని కాదు, దాని పైదాన్ని నొక్కండి." లోపలివాళ్ళు ఎంత ఏడుస్తున్నా సర్దుకునేవాళ్ళు. వాళ్ళని పైకో కిందికో చేర్చాకే పైగదికి వెళ్ళేవాడు.

ఒకసారి చెల్లెలు అడిగింది. "ఆ బటన్లు నీకు కంఠతా వచ్చుగా. మళ్ళీ పక్కదాంట్లో ఎక్కడం ఎందుకు?"

"కంఠతా వచ్చినవాడు తొందరగా చెప్తాడే. కంగారులో ఉన్నవాడికి తొందరగా చెప్తే ఎక్కదు. వాడు చూస్తున్నదే నేనూ చూస్తుంటే, వాడెంత మెల్లగా చూస్తే నేనంత మెల్లగా చెప్తాను."

ఆమె ఊఁ కొట్టి ఊరుకుంది. అప్పట్లో అది లిఫ్టుల సంగతి.

ఆమెకి మొట్టమొదటి ఫోను అన్నయ్యే ఇచ్చాడు. మూత తీస్తే బ్యాటరీ చేతిలోకి వచ్చే రకం. లోపలున్నదంతా తుడిచేసి, తనకు నచ్చినట్టు మళ్ళీ అమర్చాడు. ఏ మూల నొక్కితే ఏది రావాలో, ఎంతసేపు నొక్కితే ఏది రాకూడదో, అంతా ఆయన సొంత ఏర్పాటు. వారం రోజులు పట్టింది. ఆమెది ఎడమచెయ్యి వాటం కాబట్టి ఫోను చేసే గుర్తును ఎడమ అడుగు మూలకు తెచ్చాడు. ఆమె సంచీలో పడి ఉన్న ఫోను తనంతట తనే జనాలకి ఫోన్లు చేస్తోందని ఆమె అంటే, రెండు క్షణాలు నొక్కి పట్టుకుంటేనే పనిచేసేలా మార్చాడు. ఆ మార్చిన సంగతి ఆమెకు చెప్పాడు కూడా. ఆమె అప్పుడు పప్పు తాలింపులో ఉంది.

ఆ నెలలోనే ఆమె భర్త స్నానాలగదిలో జారిపడ్డాడు. నుదురు చిట్లింది, మణికట్టు విరిగింది. ఆమె ఫోను తీసి ఎడమ మూల నొక్కింది. రాలేదు. మళ్ళీ నొక్కింది. క్యాలెండరొచ్చింది. వేలు పక్కకి జరిగింది. దిక్సూచి వచ్చింది. నెత్తురు కారుతున్న మనిషి పక్కన కూర్చుని ఆమె ఉత్తరం ఎటో తెలుసుకుంది. చివరికి రెండంతస్తులు దిగి కింది ఇంటివాళ్ళ తలుపు కొట్టింది.

ఆరు కుట్లు పడ్డాయి. ప్రమాదం ఏమీ లేదన్నారు. అన్నయ్య ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చాడు. మంచంమీది మనిషి నవ్వుతూ, "మీ ఫోను పుణ్యమా అని ఉత్తరం వైపు తలపెట్టి పడ్డానని తెలిసింది బావగారూ," అన్నాడు. అన్నయ్య నవ్వబోయాడు. చెల్లెలు ఆయన్ని వరండాలోకి రమ్మంది.

"నువ్వు నాకు ఫోనివ్వలేదన్నయ్యా. పరీక్ష పేపరిచ్చావు."

"నీ సుఖం కోసమేగా అదంతా పెట్టింది? సంచీలోంచి ఫోన్లు పోతున్నాయని గోల పెట్టింది నువ్వేగా?"

"పెట్టాను. అంటే దాచెయ్యమన్నానా?"

"దాచలేదే. రెండంటే రెండు క్షణాలు నొక్కి పట్టుకుంటే..."

"అక్కడ రెండు క్షణాలు ఎవరిదగ్గరున్నాయి?"

"అలవాటయితే వచ్చేస్తుంది. అంతా నీ చేతిలో ఉంటుంది. ఆ దుకాణాల్లో అమ్మేవి చూశావా? మూత తియ్యడానికి లేదు, బ్యాటరీ మార్చడానికి లేదు. వాడు నొక్కమన్నది నొక్కాలి, చూడమన్నది చూడాలి. అద్దెకున్నట్టు బతకాలి."

"మీ లిఫ్టు ఎక్కినవాళ్ళందరికీ పైగదిలో తీగలు చూపిస్తావా? నాలుగో అంతస్తుకి పోవాలంటే ముందు ఈ తీగ అర్థం చేసుకోండి అంటావా?"

"అది వేరు. వాళ్ళు ఎక్కి దిగిపోయేవాళ్ళు. నువ్వు నా చెల్లెలివి."

"చెల్లెల్ని గనకే చెప్తున్నా. ఇకమీదట నా ఇంట్లో దేని మూతా తియ్యకు."

ఆయన తల ఊపాడు. మర్నాడు కూడా వచ్చి బావగారి దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాతా మానలేదు, రెండు వారాలకోసారి వస్తూనే ఉన్నాడు. కాని పనిముట్ల సంచీని మాత్రం గుమ్మం బయట చెప్పుల పక్కన వదిలేవాడు. వంటింట్లో మిక్సీ కీచుమని అరుస్తుంటే పేపరు మడత సరిచేసుకునేవాడు. కుళాయి చుక్కచుక్కగా కారుతుంటే దానివైపు చూసి, మళ్ళీ టీవీ వైపు చూసేవాడు. అరిచే మిక్సీకన్నా అది ఎక్కువ బాధపెట్టింది ఆమెని. "చూడకూడదూ ఒకసారి?" అని అనడానికి నోటిదాకా వచ్చేది. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆ ఇంటి పిల్లలెవరికీ చేతకాదు.

ఆమె దుకాణానికి వెళ్ళి వాడకం తేలికైన ఫోను కొనుక్కుంది. తొమ్మిదే గుర్తులు, మూడు వరసలు. ఆమె చూపుకి తగ్గట్టు అక్షరాల సైజు చివరిదాకా పెంచి ఇచ్చారు. అన్నయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, తిరగేసి, అంచంతా గోటితో తడిమాడు, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని. దొరకలేదు. తిరిగి ఇచ్చేశాడు. "బాగుంది," అన్నాడు. తనకు నచ్చిన వస్తువుని ఆయన ఎప్పుడూ అరగంట తిట్టేవాడు. బాగుంది అన్నాడంటే మాట ముగించినట్టే.

తేలికైన ఫోనుతోనూ ఆమెకి తిప్పలు తప్పలేదు. ఏదో తగిలేది, ఏదో పోయేది. దుకాణానికి వెళ్తే కొత్తది చూపించేవాళ్ళు. వేరే దారిలేక అన్నయ్యకే ఫోను చేసేది. ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు. "చెప్పానా?" అన్నది లేదు. అంటే బాగుండునని ఆమె ఎదురుచూసింది.

ఆదివారాలు మాత్రం ఆయనే చేసేవాడు.

"చదువు."

"మళ్ళీనా?"

"చదవ్వే. వరసగా."

ప్రెస్సులో ఒకరు మూలప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు అచ్చుప్రతి చూసుకుంటారు. ఆమె అదే గొంతుతో మొదలుపెట్టేది. "మొదటి వరస. ఫోను, సందేశాలు, గడియారం. రెండో వరస. కెమెరా..."

"కెమెరా అక్కడికెలా వచ్చింది? కిందటివారం మూడో వరసలో ఉంది."

"ఏమో, వేలు తగిలుంటుంది."

"ఉండు."

ఆ 'ఉండు' తర్వాత చాలాసేపు ఏమీ వినబడేది కాదు. మార్కులు తీసేస్తున్నాడనుకునేది ఆమె. పరీక్ష పేపరన్నావుగా, రాయి మరి, అన్నట్టుండేది. "ఊఁ, చదువు," అనేవాడు తర్వాత. అయిపోయాక, "సరే, ఉంటా."

ఒకరోజు పొద్దున్న లేచేసరికి ఫోను దానంతటదే మారిపోయింది. కంపెనీవాళ్ళు ఎక్కడినుంచో పంపిన కొత్త ఏర్పాటట. రంగులు వేరు, గుర్తుల రూపాలు వేరు. సందేశాల గుర్తు కిందికి పోయింది.

"నన్నొక్క మాట అడక్కుండా నా గది సర్దేశారన్నయ్యా!"

ఇప్పుడైనా అంటాడనుకుంది. అద్దెకున్నట్టు బతకాలని చెప్పానా లేదా అంటాడని. ఆయన, "అవును, సర్దారు. సందేశాలది ఇప్పుడు మూడో వరసలో మధ్యది. ఆకుపచ్చది నీలమైంది. కంగారు పడకు, మిగతావి ఉన్నచోటే ఉన్నాయి," అన్నాడు. పేపర్లో చదివుంటాడనుకుంది ఆమె. ఆయనకు తెలియనిదేముంది?

కిందటి ఆదివారం అడిగేద్దామనుకుంది. రెండో వరస పూర్తయింది.

"అన్నయ్యా."

"ఊఁ."

"ఏంలేదు. మూడో వరస."

మంగళవారం సాయంత్రానికి ఆయన లేడు.

మూడు వారాల తర్వాత వదిన పిలిచింది, ఆయన పనిముట్లు ఏవి ఎవరికివ్వాలో చూద్దువుగాని రమ్మని. ఇద్దరూ గదిలో కూర్చుని సర్దుతున్నారు. స్క్రూల డబ్బా ఎవరికీ ఇవ్వొద్దనుకున్నారు. కిటికీ పక్క కుర్చీ, దానికెదురుగా చిన్న బల్ల. బల్ల సొరుగులోంచి వదిన ఒక ఫోను తీసింది.

"అమ్మాయ్, నీ ఫోను ఇక్కడే ఉండిపోయింది."

చెల్లెలు తన సంచీలో చెయ్యి పెట్టి తన ఫోను బయటికి తీసింది. రెండూ బల్లమీద పక్కపక్కన పెట్టింది. ఒకే రకం. సొరుగులోదానికి మూల అద్దం పగిలింది, ఎవరో వాడి అమ్మేసినది.

"మరిదెవరిది?" అంది వదిన. "నువ్వు మాట్లాడినప్పుడల్లా దీన్ని ఒళ్ళో పెట్టుకునేవారు. ఆ మంగళవారమూ అంతే, టీ ఇవ్వడానికొస్తే ఇది ఒళ్ళోనే ఉంది. నీదే ఇంకోటి బాగుచెయ్యడానికిచ్చావనుకున్నా."

"ఎప్పట్నుంచి ఉంది?"

"నువ్వు కొన్నావు చూడు, ఆ నెలనుంచే."

చెల్లెలు దాన్ని తిరగేసింది. వెనక ఎక్కడా గీత పడలేదు, అంచున గోరు దిగిన గుర్తు లేదు. ఆ ఇంట్లో అన్నయ్య మూత జోలికి పోని వస్తువు అదొక్కటే.

చార్జరు పెట్టి కాసేపు ఆగారు. వెలిగింది. తాళం లేదు, ఆయన దేనికీ తాళం వెయ్యడు. మూడు వరసలు. ఆమె లోపల్లోపలే చదువుకుంది. మొదటి వరస. ఫోను, గడియారం. రెండో వరస. కెమెరా. ఆమె వేలు తగిలి జరిగిన చోటుకే జరిగి ఉంది.

వదిన ఆమె భుజం మీదుగా చూసింది.

"ఇంత పెద్దక్షరాలెందుకు పెట్టుకున్నారమ్మా ఈయన?" అంది. "బోల్టు తలమీద అంకె కూడా అద్దాలు లేకుండా చదివేవారు కదా."