బర్రె పట్టని సందు

నా నోరు మంచిది కాదని మా వాళ్ళందరూ అంటారు. కాదనను. కానీ ఆ సందు విషయంలో తప్పు నా నోటిది కాదు, నా కంటిది. సందు కొలిచింది నేనే. మా ఆయన కాదు, మేస్త్రీ కాదు. "సాలు, మస్తు సాలు" అని నలుగురి ముందు చెప్పిందీ నేనే. అందుకే ఇన్నేళ్ళయినా ఎవరినీ మనసారా తిట్టుకోలేకపోతున్నాను.

మేము నిజామాబాదులో చర్చి వెనక పాత ఇళ్ళ మధ్య ఉండేవాళ్ళం. మా ఇల్లు చిన్నది, జాగా పెద్దది. ఇల్లు వెనక్కి ఉండేది. ముందంతా రోడ్డు దాకా వాకిలే. అక్కడే వడ్లు ఎండబోసుకునేదాన్ని, అక్కడే బర్రెను కట్టేదాన్ని. మా ఆయన బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి సీజన్ పనికి పోయేవాడు. చెరుకు ఆడినన్నాళ్ళు అక్కడే, తర్వాత దొరికిన కూలి. ఏడాది పొడుగునా పొయ్యి ఆరకుండా చూసింది మాత్రం పాలే. గడ్డి కోసింది నేను, పేడ ఎత్తింది నేను, పాలు పిండి అమ్మింది నేను. ఆ ఇంట్లో నా మాట చెల్లిందంటే బర్రె వల్లే చెల్లింది. దాచుకోవడానికేముంది?

ఒక వానాకాలం మా ఇంటి వెనక గోడ కూలింది. దాంతో పాటు సగం కప్పు దిగింది. సరిగ్గా అప్పుడే టౌను లోపల ఖాళీ జాగాలకు గిరాకీ వచ్చింది. ఊరవతల కావలసినంత బీడు ఉన్నా అటు ఎవరూ పోలేదు. బడి, బజారు, దవాఖాన దగ్గరుండాలని పాత ఇళ్ళ మధ్యనే దూరారు. పెరడు కనిపిస్తే ఇల్లు, వాకిలి కనిపిస్తే ఇల్లు. నిజాంసాగర్ కాల్వ కింద చెరుకు వేసి నాలుగు రాళ్ళు వెనకేసుకున్న ఒక పటేలు, మనవల చదువు కోసం టౌనులో ఇల్లు కట్టి తన తల్లినీ ఆ పిల్లలనూ అందులో ఉంచాలనుకున్నాడు. మా వాకిలి చూశాడు. కూలిన ఇల్లు నిలబెట్టడానికి డబ్బు కావాలి గనుక, అమ్ముతానని మా ఆయనే చూపించాడంటే సరిపోతుంది.

"నేను వద్దంటలేను. నా బర్రెకు తొవ్వ గావాలె" అన్నాను.

"ఎంత గావాల్నో నువ్వే సూపియ్యి సెల్లె. గంత ఇడిసే కడ్త" అన్నాడు పటేలు. మంచి మనిషే. అక్కడే నేను మోసపోయాను, నా చేతిలో నేనే.

అప్పటికి మా పాత బర్రె పోయింది. దాని పడ్డ, అంటే ఆడదూడ, ఏడాదిన్నరది, సన్నగా, చలాకీగా ఉండేది. నేను పలుపు పట్టుకుని దాన్ని పక్కింటి వాళ్ళ ముళ్ళదడి వెంట రోడ్డు నుంచి ఇంటి దాకా నడిపించాను. దానికి అటూ ఇటూ నా చెయ్యి పట్టేంత చోటు మిగిలింది. "సాలు, మస్తు సాలు" అన్నాను. ఎక్కువడిగితే బేరం చెడుతుందని మా ఆయన ముందు రోజంతా నా చెవి కొరికాడు. మేస్త్రీ నేను చూపించిన చోటే మేకులు దిగ్గొట్టాడు. పటేలును ఇంకొక మూర అడిగితే ఇచ్చేవాడే. పడ్డ పెరిగి బర్రె అవుతుందని, దానికి కొమ్ములు సాగుతాయని, పాడి చేసుకుని బతికే దాన్ని నాకు తెలియదా? తెలిసీ పడ్డతో కొలిచాను.

ఇల్లు లేచింది. వీధి తలుపు, నడిమింటి తలుపు, వెనక తలుపు ఒకే వరసలో పెట్టారు. వెనక తలుపు మా ముందరికే తెరుచుకునేది. గృహప్రవేశం రోజున ఆవును వీధి తలుపులోంచి లోపలికి తోలి, ఇల్లంతా నడిపించి, వెనక తలుపులోంచి మా దిక్కు తెచ్చారు. నడిమింట్లో అది పేడ వేస్తే అదృష్టమని అందరూ సంతోషపడ్డారు. నేనూ దానికి ఒక పిడికెడు గడ్డి పెట్టాను. పటేలు తల్లిని నేను పెద్దవ్వా అనేదాన్ని, ఆమె నన్ను బిడ్డా అనేది. మా పడ్డ పెరిగి, మందతో బయటికి పోయి చూడి కట్టి, తొలిచూలు ఈనిన తర్వాత ఆమెకు పూటకు శేరు పాలు పోశాను. వాళ్ళ వెనక తలుపు దగ్గర నిలబడి పోసేదాన్ని. గడప దాటి లోపలికి రమ్మని ఆమె ఎన్నడూ అనలేదు, నేనూ పోలేదు.

బర్రె ఈనే ముందు నెల, ఈనిన తర్వాత నెల దాన్ని బయటికి తోలలేదు. పుట్టిన దున్నదూడ బతకలేదు. ఆ రెండు నెలల్లో పక్కింటాయన ముళ్ళదడి పీకి గోడ లేపాడు. ఆయనా అద్దెకివ్వడానికి రెండు అర్రలు వేస్తున్నాడు. నేను పోయి నిలదీశాను.

"నా జాగల నేను కట్టుకుంటున్ననమ్మా. దడి మా దిక్కుకు ఒరిగి ఉండె గని, హద్దురాయి గీడనే ఉంది. సూసుకో" అన్నాడు.

చూశాను. రాయి అక్కడే ఉంది. మేము తరాలుగా నడిచిన దాంట్లో ఒక మూర ఆయనది. నేను పడ్డను నడిపించి కొలిచిన సందులో ఆ మూర కూడా ఉంది. నోరు మూసుకుని వచ్చాను. ఈనింది గద, ఒళ్ళు తగ్గితే పడుతుందిలే అనుకున్నాను. మనసు ఎంత సులువుగా అబద్ధం చెప్పుకుంటుందో!

ఆ రెండు నెలలు దాటాక పలుపు పట్టుకుని సందులోకి తీసుకుపోయాను. నాలుగడుగులు వేసి ఆగింది. అటు కొమ్ము ఒక గోడకు, ఇటు పొట్ట ఇంకొక గోడకు. ముందుకు లాగితే రాదు, వెనక్కి నెడితే పోదు. మా ఆయన వెనక నుంచి తోక పట్టి లాగితే, నేను ముందు నుంచి మొహం నెట్టి, గంట సేపటికి వెనక్కి తెచ్చాం. పక్కటెముకల మీద తోలు లేచిపోయింది. పసుపూ నూనే రాస్తుంటే అది కదలకుండా నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు నుంచి అది బయటికి పోలేదు.

మందకు పోదు, చెరువులో పడుకోదు. ఎండాకాలం బిందెలతో నీళ్ళు మోసి దాని మీద పోశాను. గడ్డి మోపు సందులో పట్టక రెండుగా విప్పి తెచ్చేదాన్ని. అన్నీ ఓర్చుకున్నాను. కానీ పాలిచ్చే బర్రె మళ్ళీ చూడి కట్టకపోతే పాలు ఎండిపోతాయి. అది ఎదకు వచ్చింది. పొద్దు పొడిచింది మొదలు ఒకటే అరుపు. ఒక రోజు, మహా అయితే రోజున్నర ఉంటుంది ఆ ఎద. ఆలోపు దున్నపోతు దగ్గరికి తీసుకుపోవాలి. తప్పితే మళ్ళీ మూడు వారాలు. దున్నపోతును తీసుకురమ్మంటే దాని యజమాని వచ్చి సందు చూసి నవ్వి పోయాడు. పశువుల దవాఖానకైనా తోలుకుపోతేనే చూస్తారు. మా ఇంటి వెనక గోడ పగలగొడదామంటే దానికి ఆనుకుని అప్పటికే వేరే వాళ్ళ ఇల్లు లేచింది. అడకత్తెరలో పోకచెక్క అయింది నా బతుకు.

మిగిలింది ఒక్కటే దారి. పాలు పోసే వేళ పెద్దవ్వను అడిగాను.

"పెద్దవ్వా, గీ వెనక తలుపుల నుంచి బర్రెను తోలుకపోత. రేపు గిట్లనే తోలుకొస్త. రెండే సార్లు. ఇల్లంత నేనే అలికి కడుగుత."

ఆమె చేతిలో గిన్నె కింద పెట్టింది. "బర్రె యముని వాహనం బిడ్డా. అది ఇంట్ల అడుగు పెడ్తె ఎనకనే ఆయనొస్తడు. సిన్న పిల్లలున్న ఇల్లు."

"మా చర్చిల యముడు లేడు పెద్దవ్వా."

"మీకు లేకపోతెనేమి, మాకున్నడు గద."

"ఆవును తోలినప్పుడు గీ తొవ్వనే వచ్చె గద."

"ఆవూ బర్రె ఒకటేనా?"

"మరి పాలు తాగుతున్నరు?"

"పాలకేం దోషం లేదు" అన్నది ఆమె, నిజంగానే నా తెలివితక్కువకు జాలిపడుతూ. గిన్నె మళ్ళీ ముందుకు జరిపింది. పోశాను. పోయకుండా ఏం చేస్తాను, పూటకు శేరు తీసుకునే మనిషి.

ఆ ఎద పోయింది. మూడు వారాలకు ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. పలుపు తెగేలా అరిచింది. నేను పొయ్యి దగ్గర కూర్చుని చెవులు మూసుకున్నాను. దాని అరుపులో నాకు తిట్లు వినపడేవి. ఎవరు కట్టేశారే నన్ను ఇక్కడ అని అడుగుతున్నట్టే ఉండేది. పాలు సగమయ్యాయి, తర్వాత పావయ్యాయి. మా ఆయన బోధన్ నుంచి వచ్చినప్పుడల్లా "అమ్మేద్దాం తీయ్" అనేవాడు. "నిన్ను అమ్ముత ముందు" అనేదాన్ని. అనడానికైతే అన్నాను గానీ, కుండలో గింజలు అడుగంటడం నాకూ కనిపిస్తూనే ఉంది.

చివరికి అరుపులకు, ఈగలకు ముందింటి వాళ్ళే తాళలేకపోయారు. పటేలు వచ్చి మా గడప దగ్గర నిలబడ్డాడు, తల ఎత్తలేదు.

"అవ్వను ఒప్పించిన సెల్లె. ఒక్కసారి ఇంట్ల నుంచి పోనిస్తమన్నది."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "నీ కాల్మొక్కుత పటేలా. మళ్ల ఎద రాంగనే తోలుకపోయి, తెల్లారి—"

"గట్ల కాదు. యముడు ఇంట్ల నుంచి బయటికి పోతె మంచిదేనట. లోపలికి రావొద్దట. పోతె పోవుడే. మళ్ల వచ్చుడు లేదు."

అంటే అమ్మడమే. టౌనులో దాన్ని ఇంకెక్కడ కట్టుకుంటాను? ఎవరి కొట్టంలో కడితే పాలు వాళ్ళవవుతాయి. ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి మా ఆయనతో సరే అన్నాను.

అంగడి నుంచి మరాఠీ మాట్లాడే బేరగాడు వచ్చాడు. సందులోంచి లోపలికి వచ్చి, బర్రె పళ్ళు చూసి, పొదుగు నొక్కి, చూడి లేదని సగం ధరకు అడిగాడు. ఇచ్చాం. పటేలు వాళ్ళ ఇంట్లో వెనక తలుపు నుంచి వీధి తలుపు దాకా గోనెసంచులు పరిచారు. దేవుని అర్ర తలుపు మూశారు. పిల్లలను వంటింట్లోకి పంపారు. పెద్దవ్వ వాళ్ళ ముందు అడ్డంగా నిలబడింది. బేరగాడు ముందు నడిస్తే, పలుపు పట్టుకుని నేను వెనక తలుపు గడప దాటాను. ఆ ఇంట్లోకి నేను పోవడం అదే మొదలు. నేల చల్లగా ఉంది.

బర్రె బుద్ధిగా నడిచింది. ఎక్కడా పేడ వేయలేదు, గోడకు కొమ్ము తగలనివ్వలేదు. వీధి తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ఎదురుగా రోడ్డు. సైకిళ్ళు, ఒక టాంగా, ఎండ. ఏడాదిన్నరగా అది చూడని రోడ్డు. పోదే! ముందుకాళ్ళు బిగించి, తల తిప్పి, నా మీద పడుతూ వెనక్కి తిరగబోయింది. మా వాకిలి దిక్కుకే. బేరగాడు పలుపు లాక్కుని గుంజుతున్నాడు. మా ఆయన ఊరికే "హై హై" అంటున్నాడు. వంటింటి దగ్గర నుంచి పెద్దవ్వ కేకేసింది. "తోలు బిడ్డా, తోలు. లోపలికి తిరగనియ్యకు."

బేరగాని కట్టె తీసుకుని కొట్టాను. పుట్టినప్పటి నుంచి ఒక్క దెబ్బ వేయలేదు దానికి. మొదటి దెబ్బకు కదల్లేదు, నా దిక్కే చూసింది. రెండోది పాత దెబ్బ మానిన పక్కటెముకల మీద పడింది. అప్పుడు గడప దాటింది. బేరగాడు రోడ్డు మీదికి తీసుకుపోయాడు. నేను బయట మెట్టు మీద నిలబడి చూశాను. మలుపు దాకా నడిచి పోయింది.

వెనక్కి తిరిగేసరికి పెద్దవ్వ గోనెసంచులు తీయించి, పసుపు నీళ్ళు చల్లుకుంటూ నా కాళ్ళ దాకా వచ్చేసింది. నేను మామూలుగా గడప మీద కాలు పెట్టబోయాను, మా ఇంటికి పోదామని.

"ఆగు బిడ్డా" అన్నది, మెల్లగా, కోపం లేకుండా. "బర్రెతోని బయటికి పోతివి గద. మళ్ల గిట్ల లోపలికి రావొద్దు. గటు సందుల నుంచి పో."

కాలు వెనక్కి తీసుకున్నాను. సందులోంచే పోయాను. నాకు ఇంకో తొవ్వ లేదు.