పండగ దాకా ఆగిన పెన్‌డ్రైవ్

బూర్గంపాడులో నాది చిన్న జిరాక్స్ షాపు. విండోస్‌కు బదులుగా కంప్యూటర్‌ని నడిపే లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి మూడేళ్లు నా సొరుగులోనే పడి ఉంది. ఇచ్చింది ఖమ్మంలో కంప్యూటర్ పాఠాలు చెప్పే నా స్నేహితుడు.

"నీ డబ్బా మాటిమాటికి ఆగిపోతుంది గదా, గిది పెట్టి చూడు. లోపల ఎక్కించే పనిలేదు, దీన్నుంచే నడుస్తది. పైసా ఖర్చు లేదు" అన్నాడు.

ఆ చివరి మాట దగ్గరే నాకు అనుమానం మొదలైంది. మా అడవి పల్లెల్లో ఊరికే దుప్పట్లు పంచినవాళ్లు కూడా వేలిముద్ర తీసుకునే వెళ్లారు. "లోపలివేం మార్చదు గదా?" అని స్నేహితుణ్ని ఎన్నిసార్లు అడిగానో. నా కంప్యూటర్లో ఉన్న విండోస్ మాత్రం ఎవడో వేసిపోయిన దొంగ కాపీ. దాన్ని ఒక్కనాడూ అనుమానించలేదు.

అతను ఫోన్ చేసినప్పుడల్లా "కొత్తల పండగ కానియ్యి" అనేవాణ్ని. మా ఇళ్లలో కొత్త పంట ఏదైనా వేల్పుకు పెట్టందే నోట పెట్టం. మామిడికాయకున్న నియమాన్ని నేను పెన్‌డ్రైవ్‌కూ అంటగట్టాను. అలా మూడు పండగలు దాటిపోయాయి.

ఒక పొద్దున మా మేనమామ వచ్చాడు. వరదలో ఆయన పోడు పట్టా నాని ముద్దయిపోయింది. మిగిలిందల్లా అంతకుముందు నేను కంప్యూటర్లో తీసిపెట్టిన స్కాన్ ఒక్కటే. మధ్యాహ్నంలోగా ఆఫీసులో చూపించకపోతే ఆ భూమి తనదని చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. కంప్యూటర్ ఆన్ చేశాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాల వరసలు నాలుగు వచ్చి ఆగిపోయాయి. మళ్లీ ఆన్ చేసినా అదే.

మామ బల్ల మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు.

"అల్లుడా, ఆనాడు నా దగ్గర పైసలు తీస్కోలేదు నువ్వు."

"అవ్ మామా. నీ దగ్గర ఏం తీస్కుంట?"

"గప్పుడే అనుమానమొచ్చింది నాకు. ఊకెనే ఎవడన్న దాస్తడా? ఎవరికిచ్చినవ్ నా కాగితం?"

నాకు ఒళ్లు మండింది. సొరుగు లాగి పెన్‌డ్రైవ్ తీసి పెట్టాను. స్నేహితుడు ఎప్పుడో ఫోన్లో చెప్పిన మీట నొక్కుతూ కంప్యూటర్ మళ్లీ ఆన్ చేశాను. కాసేపటికి కొత్త తెర వచ్చింది. నా ఫోల్డర్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మామ పట్టా తెరుచుకుంది.

ప్రింటు చేతికిస్తే మామ హద్దులన్నీ నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఏం మార్చలేదు గదా?"

కోపం రావాల్సింది, సిగ్గేసింది. లేదన్నాను. ఆయన పెన్‌డ్రైవ్ వైపు చూశాడు.

"గదేంది?"

"దోస్త్ ఇచ్చిండు మామా. ఊకెనే."

"ఊకెనేనా?" అని, మామ కాగితాన్ని గుమ్మం దగ్గరికి తీసుకుపోయి మళ్లీ వెలుతురుకు పెట్టి చూశాడు.