తోరానికి పదో ముడి

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. చూశామని ఎవరైనా చెబితే, ఎన్ని గంటలకు, ఎంత దూరంలో అని అడిగేవాణ్ణి. నా చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం పాత పుస్తకాలు తిరగేసి సొంతంగా నేర్చుకున్నాను. ఆ లెక్కలే మిషిగన్‌లో కార్ల విడిభాగాల గోడౌన్‌లో స్టాకు చూసే పని ఇప్పించాయి. అందుకే ఇక్కడ నాకు తెలిసిన కొలతలన్నీ చెబుతాను.

మా ఆవిడ సరళ నర్సు. ఆమె ఉద్యోగం మీదే డెబ్భైల చివర్లో ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చాం. రెండేళ్ల తర్వాత దగ్గర్లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్ముతుంటే ఒక చిన్న జపాన్ పెట్టె కొన్నాను. ఆ ఇంటి పెద్దాయన సైన్యంలో ఉన్నప్పుడు తెచ్చుకున్నాడట. నల్లటి లక్క పూత, మూలలకు ఇనప రేకులు, ఒకదాని కింద ఒకటి మూడు సొరుగులు. ఎత్తు పద్దెనిమిది అంగుళాలు, లోతు పదిహేను. కారు సీటులో పడుతుందో లేదోనని బయట మూడుసార్లు కొలిచాను. లోపల కొలవలేదు.

"ఇదేమిటండీ, బొమ్మల పెళ్లికి బీరువానా?" అంది సరళ. వారం తిరక్కుండానే దాన్ని పూజకు తీసేసుకుంది. పైన దేవుడి పటాలు, సొరుగుల్లో పసుపు, కుంకుమ, వత్తులు.

ఆ పెట్టెకు ఒక గుణం ఉంది. పై సొరుగు మూస్తే కింది సొరుగు కాస్త బయటికి వస్తుంది. సరళ భయపడింది. సొరుగులు అంత బిగువుగా చేశారని, లోపలి గాలికి వేరే దారి లేక తోస్తోందని నేనే చేసి చూపించాను.

ఆ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి వసుంధర పొద్దున్నే వచ్చింది. సరళతో పాటు అదే హాస్పిటల్లో పనిచేసేది. మా చుట్టుపక్కల సరళతో తెలుగులో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. తోరానికి తొమ్మిది ముళ్లు వేసే పని ఏటా నాది, లెక్క తప్పదని. వసుంధర దారం కొస పట్టుకుంది.

"వదినా, అన్నయ్యగారు ముళ్లు లెక్కపెడుతుంటే అమ్మవారు కూడా ఊపిరి బిగబట్టుకు కూర్చుంది," అని నవ్వింది.

ఆ తోరానికే బంగారు రూపు గుచ్చి కలశానికి కట్టాం. వేలిగోరంత లక్ష్మీదేవి బిళ్ళ. పోయిన తల్లి గుర్తుగా సరళ దగ్గర ఉన్నది అదొక్కటే. మర్నాడు కలశం కదిపాక, సాయానికి వచ్చిన వసుంధరే తోరం తీసి మూడో సొరుగులో పెట్టింది. సాయంత్రం చూస్తే లేదు.

నేను చేసిన పని ఇక్కడ దాచకుండా చెప్పాలి. కాగితం తీసుకుని రాశాను. దాన్ని ముట్టుకున్నవాళ్లు ముగ్గురు. నేను తీయలేదు, సరళ తీయలేదు, మిగిలింది ఒకరు. ఆ తీసివేత చూపించి సరళ చేత ఫోన్ చేయించాను.

"పొరపాటున నీ సంచిలోకి గానీ వచ్చిందేమో చూడు వసుంధరా," అంది సరళ. అంతే అంది.

ఆ తర్వాత వసుంధర మా ఇంటికి రాలేదు. హాస్పిటల్లో సరళ కూర్చున్న బల్ల దగ్గర లంచ్‌కి కూర్చోవడం మానేసింది. సరళ నన్ను ఒక్క మాట అనలేదు. ఇంట్లో మాటలే సగమైపోయాయి.

చలికాలం వచ్చింది. రోజూ పొద్దున లేచేసరికి మూడో సొరుగు బొటనవేలి వెడల్పున బయటికి వచ్చి ఉండేది. పై రెండూ మూసే ఉండేవి. హీటర్ వేడికి చెక్క ఎండి వదులైందనుకున్నాను. రసమట్టం పెట్టి చూస్తే నేలకు ఉన్న కాస్త వాలూ గోడవైపే ఉంది. పదకొండు రోజులు కొలిచి రాసుకున్నాను. రోజూ అంతే వెడల్పు.

పన్నెండో రోజు మధ్యాహ్నం సొరుగులన్నీ పూర్తిగా లాగి లోపల కొలిచాను. పై రెండూ పద్నాలుగు అంగుళాల లోతు. మూడోది పదిన్నర. టార్చి వేస్తే దాని వెనక అడ్డంగా ఒక చెక్క కనిపించింది. చుట్టూ లక్క పూత ఎక్కడా చిట్లలేదు, గోరు దూరే సందు లేదు. స్క్రూడ్రైవర్‌తో లక్క గీకి పక్కకు నెడితే చెక్క జరిగింది. లోపల ఇరుకైన అర. నిండా దుమ్ము. దుమ్ము మీద మా తోరం, దానికి రూపు. ఆ దుమ్ములో ఒక్క వేలి గుర్తు లేదు.

సరళ రూపు కళ్లకద్దుకుంది. నేను అలవాటు కొద్దీ ముళ్లు లెక్కపెట్టాను. పది. తొమ్మిది నావే. పదోది రూపు పక్కనే ఉంది, చిన్నది, వేరే రకంగా మెలిపెట్టి వేసింది.

ఆ సాయంత్రమే ఇద్దరం వసుంధర ఇంటికి వెళ్లాం. తలుపు సగమే తీసింది.

"సంచి చూసుకోమన్నారుగా. చూసుకున్నాను అన్నయ్యగారూ, రెండుసార్లు. మీ లెక్క తప్పదంటారు కదా, నామీద నాకే అనుమానం వచ్చింది."

నా తీసివేత తప్పని ఒప్పుకున్నాను. రూపు ఎక్కడ దొరికిందో చెప్పాను. నమ్మదనుకున్నాను. ఆమె తోరం తీసుకుని ఒక్కో ముడీ వేలితో తడిమింది. పదోదాని దగ్గర ఆగింది.

"ఇది మీరు వేసింది కాదు. కొస పట్టుకున్నది నేనే కదా."

తోరం సరళ చేతిలో పెట్టి, తలుపు పూర్తిగా తీసింది. "లోపలికి రా వదినా. చలి."

పెట్టె ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. హీటర్ అలాగే వేస్తున్నాం, నేల వాలు మారలేదు. మూడో సొరుగు మాత్రం మళ్లీ తనంతట తాను కదల్లేదు. మూసి ఉన్న అరలోకి రూపు ఎలా వెళ్లిందో నాకు తెలియదు. ఆ ముడి ఎవరు వేశారో తెలియదు. అలాంటిది వేద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను, రాలేదు.

ఏటా శ్రావణంలో నేను ముళ్లు వేస్తాను, వసుంధర కొస పట్టుకుని పైకి లెక్కపెడుతుంది. తొమ్మిది అన్నాక ముగ్గురం ఒక్క క్షణం ఆగుతాం.