ఎడ్యుకేషన్ షీట్‌లో నా పేరు

టీచరమ్మ పోయిందన్న సంగతి నాకు ఆధార్ కార్డు రూపంలో వచ్చింది. పొద్దున్న షట్టరు ఎత్తి, మెషిన్ వేడెక్కేలోపు టీ తాగుతుంటే ఆవిడ మేనల్లుడు వచ్చి కౌంటరు మీద ఆవిడ కార్డు పెట్టాడు.

"నాలుగు కాపీలు తియ్యి మామా."

కార్డు మీద ఫొటో చూస్తే నాకు నవ్వొచ్చింది. అందులో టీచరమ్మ ఎవడినో బెంచీ ఎక్కించబోతున్నట్టు ఉంటుంది. "ఏటి బావూ, మీ అత్త మళ్ళీ ఫోను పారేసుకున్నాదా?" అన్నాను.

"కాదు మామా. అత్త పోయింది. తెల్లారగట్ల. హాస్పిటలోళ్ళు కాయితాలు అడుగుతున్నారు."

నాలుగు అడిగితే ఏడు తీశాను. మిగిలిన మూడూ ఇప్పటికీ నా సొరుగులో ఉన్నాయి. పారేద్దామని ఒకసారి బయటికి తీశాను. అప్పుడు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం సంగతి చెప్పకుండా ఆవిడ గురించి మంచిగా నాలుగు ముక్కలు రాస్తే అది అబద్ధం అవుతుంది.

బెంగాల్లో ఖరగ్‌పూర్ రైల్వే ఊళ్ళో, తాల్‌బగీచా వాడలో నాది చిన్న జిరాక్స్ షాపు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ రైల్వే వర్క్‌షాపులో చేరాడు. మా నాన్నా అక్కడే చేశాడు. నేను ఏడో తరగతిలో బడి వదిలేశాను కాబట్టి వర్క్‌షాపు గేటు బయటే ఉండిపోయాను. తెలుగు చదువుతాను, రాస్తాను. బెంగాలీ, హిందీ మాట్లాడతాను. ఇంగ్లీషు మాత్రం పేర్లు, అంకెలు, ఏ ఫారం ఏదో పోల్చుకునేంతవరకే. వాక్యం చదవమంటే చెమట పడుతుంది. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు కాగితాలు నా చేతుల మీదుగా కట్టలు కట్టలు వెళ్ళాయి. ఒక్కటీ చదవలేదు.

టీచరమ్మ ఇల్లు మా షాపుకి రెండు సందుల అవతల. చర్చి పక్క వీధి. బడి నుంచి రిటైరయ్యాక వరండాలో చాపలు పరిచి ఎనిమిది నుంచి పది దాకా పిల్లలకి ఇంగ్లీషు చెప్పేది. మాధ్యమిక్, అంటే ఇక్కడి పదో తరగతి పరీక్షలో మన తెలుగు పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. ఆవిడ ఒక్కో విషయానికి ఒక్కో షీట్ చేతిరాతతో తయారుచేసేది. పైన పది మాటలు, కింద ఒక పేరా, పేరాలో మధ్యమధ్య ఖాళీలు. పేరా ఎప్పుడూ మా వాడలో వాళ్ళ మీదే ఉండేది. బజారు షీట్‌లో చేపలమ్మే బెంగాలీ దీదీ. ప్రయాణం షీట్‌లో టోటో, అదే బ్యాటరీ రిక్షా, నడిపే దాదా. "తెలిసినోళ్ళ గురించైతే ఇంగ్లీషు తొందరగా ఒంటబడతాది అప్పల్రాజూ" అనేది.

ఇంకో మాట ఉండేది ఆవిడకి. పిల్లలకి రోజుకి పదిసార్లు చెప్పేది, నా కౌంటరు దగ్గర నిలబడి కూడా చెప్పేది. "తప్పు రాయండి, పర్లేదు. ఖాళీ మాత్రం ఒగ్గీయకండి."

చలికాలం పొద్దున్నే వచ్చేది. కాపీలు అయ్యాక కట్టని కౌంటరు మీద నాలుగు వైపులా తట్టి, అంచులు సమానం చేసి, శాలువాలో పెట్టుకుని గుండెకి హత్తుకునేది. వేడి కాగితాలు కదా. "నీ షాపులో ఈ సుఖం ఒక్కటే బాగుంటాది" అనేది. ఆ కట్టతో నేనూ ఆడుకునేవాణ్ణి. ఒకసారి ముప్పై సెట్లలోనూ రెండో పేజీ తీసేసి, మా వీధిలో వాళ్ళ పెళ్ళి కార్డు కాపీ పెట్టాను. సాయంత్రం గొడవకి వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. మర్నాడు పెళ్ళి కార్డు తెచ్చి నా ముందు పెట్టింది. పిల్లల చేత ఆ కార్డులో తప్పులన్నీ ఎర్ర సిరాతో దిద్దించింది. "పెళ్ళోరికి ఇయ్యి, పనికొస్తాది" అని వెళ్ళిపోయింది. నేను ఓడిపోయిన ఆటల్లో అది మొదటిది. చివరిదాని సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నా గురించి ఒక కథ ఉంది. తాల్‌బగీచాలో అందరికీ తెలుసు, నేనే చెప్పాను కాబట్టి. ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు పదకొండింటికే ఇంటి బెల్లు కొట్టేశాను, బడి బడంతా సంచులు తగిలించుకుని ఇళ్ళకి వెళ్ళిపోయింది, హెడ్మాస్టరు ఖాళీ బడిలో ఒక్కడే చేతిలో బెత్తంతో నిలబడ్డాడు, మర్నాడు నన్ను తీసేశాడు. ఇదీ కథ. హెడ్మాస్టరు గొంతు పెట్టి చెప్తే నవ్వనివాడు లేడు. చదువు మానేసిన మనిషి పదిమందిలో తలెత్తుకోవాలంటే ఏదో ఒకటి ఉండాలి. నాకు ఆ బెల్లు ఉంది.

ఒక వర్షాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. సగం కాపీలు మెషిన్లోనే ఆగిపోయాయి. టీచరమ్మ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. చూరు నీళ్ళు పడుతున్నాయి, వచ్చేపోయేవాళ్ళు లేరు.

"అప్పల్రాజూ, ఆ బెల్లు నిజంగా నువ్వే కొట్టినావా?"

"మరెవులు కొడతారు టీచరమ్మా?"

ఆవిడ చేతిలో ఉన్న కాగితం నా వైపు తిప్పింది. "ఈ ఒక్క లైను సదువు."

నేను చదవలేదు. గొడుగు జరిపాను, మెషిన్ తలుపు తెరిచి మూశాను. ఆవిడ కాగితం అలాగే పట్టుకుని కూర్చుంది. చివరికి చెప్పేశాను. బెల్లు కొట్టింది నేను కాదు, పై క్లాసువాడు. వాడు తర్వాత ఊరు వదిలి వెళ్ళిపోతే ఆ ఘనత నేను తీసుకున్నాను. నాకు జరిగింది వేరు. ఇంగ్లీషు క్లాసులో లేపి పేరా చదవమన్నారు. అక్షరాలు ఒక్కటీ కలవలేదు. పీరియడంతా పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడ్డాను. వెనక బెంచీలు నవ్వాయి. నీళ్ళు తాగి వస్తానని బయటికి వెళ్ళి, పుస్తకం చేతిలో ఉండగానే గేటు దాటాను. మళ్ళీ వెళ్ళలేదు. నన్నెవరూ తీసెయ్యలేదు.

ఈ సంగతి నా భార్యకి కూడా చెప్పలేదు.

"ఎవులికీ సెప్పకండి టీచరమ్మా" అన్నాను.

"సెప్పను" అంది. ఆ రోజు మనసు ఎంత తేలికైందో! కరెంటు వచ్చాక పది కాపీలు ఎక్కువ తీసి ఇచ్చాను.

తర్వాతి వారం కొత్త షీట్ తెచ్చింది. ఎడ్యుకేషన్ అని పైన పెద్దక్షరాలు. కింద పది మాటలు: అటెండెన్స్, ఆబ్సెంట్, ఫెయిల్, ఎక్స్‌పెల్, డ్రాప్ అవుట్, ఇలాంటివి. ఆ పేరాలో నా పేరు మూడు చోట్ల కనిపించింది. ఇంగ్లీషులో నా పేరు ఎంత దూరంలో ఉన్నా పట్టగలను.

"నా మీద రాసినారా?"

"నీ మీదే."

"మంచిగా రాసినారా?"

"ఉన్నది రాసినాను" అంది, అంచులు తడుతూ.

నాకింకేం కావాలి? చేపల దీదీ పక్కన, టోటో దాదా పక్కన నేను. అదీ చదువు మీద షీట్‌లో, ఏడో తరగతి వాణ్ణి. ఒక కాపీకి లామినేషన్ చేసి షాపు గోడకి కొట్టాను. పన్నెండేళ్ళు ఆ గోడ మీదే ఉంది. అంతకాలమూ వచ్చినవాళ్ళందరికీ వేలుపెట్టి చూపించాను. నా కూతురు తొమ్మిదిలో ఉండగా ఆ షీట్ ఇంటికి తెస్తే, "నా గురించి ఏటి రాసినారే?" అని అడిగాను. "బాగా రాసినారు నాన్నా" అని పుస్తకం మూసేసింది.

టీచరమ్మని తలుచుకునే ప్రార్థన, ఆదరణ కూడిక, చర్చి హాల్లో పెట్టారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది వచ్చారు. గూడ్సు గార్డు అయినవాడు, నర్సు, బ్యాంకులో అమ్మాయి, పక్క ఊరు సాలువాలో బడిలో పాఠాలు చెప్పే నా కూతురు. ఒక్కొక్కరూ లేచి మాట్లాడుతున్నారు. నేను లామినేషన్ షీట్ గోడ నుంచి ఊడదీసి, తుడిచి, చంకలో పెట్టుకుని వెళ్ళాను. నా వంతు వచ్చినప్పుడు దాన్ని గార్డు చేతికిచ్చి, "ముసిలోళ్ళకి ఇంగ్లీషు రాదు బావూ, తెలుగులో సదివి సెప్పు. టీచరమ్మ నాకెంత గౌరవం ఇచ్చినాదో అందరూ ఇంటారు" అన్నాను.

వాడు షీట్ చూశాడు. నన్ను చూశాడు. "ఇప్పుడొద్దు మామా" అన్నాడు మెల్లగా.

"ఏటి, రైలెక్కగానే ఇంగ్లీషు మరిసిపోనావా?"

నలుగురు నవ్వారు. వాడు నవ్వలేదు. "అప్పల్రాజు ఏడో తరగతి చదివేవాడు" అని మొదలుపెట్టాడు. నేను గర్వంగా అటూ ఇటూ చూశాను. "అతనికి చదవడమంటే భయం" అన్నాడు. ఆగాడు.

"ఆపీసినావేటి? సదువు."

వాడు తల ఎత్తకుండా గబగబా చదివేశాడు. ఒకరోజు నీళ్ళు తాగి వస్తానని చెప్పి బడి నుంచి పారిపోయాడు. బెల్లు కొట్టినందుకు తీసేశారని అప్పల్రాజు అందరికీ చెప్తాడు. అది నిజం కాదు. అప్పల్రాజుని ఎవరూ తీసెయ్యలేదు, తిరిగి పిలవనూ లేదు.

ఎవరైనా నవ్వి ఉంటే బాగుండేది. నవ్వుకి జవాబు చెప్పడం నాకు వచ్చు. ఎవరూ నవ్వలేదు. నర్సు ఒళ్ళో బైబిలు సర్దుకుంది. బ్యాంకు అమ్మాయి ఫ్యాను చూసింది. అప్పుడర్థమైంది, ముసలివాళ్ళు తప్ప ఆ హాల్లో ఎవరికీ ఇది కొత్త కాదని. వీళ్ళందరూ ఈ ఖాళీలు నింపినవాళ్ళే. వీళ్ళే షాపుకి వచ్చి "మామా, ఆ బెల్లు కథ మళ్ళీ సెప్పు" అని అడిగినవాళ్ళు. నేను చెప్పాను, వాళ్ళు నవ్వారు, నా వెనక గోడ మీద నిజం వేలాడుతూనే ఉంది. మేకులు కొట్టింది నేను.

బయట మెట్ల మీద గార్డు నా చెయ్యి పట్టుకున్నాడు. "మామా, ఆ ఏడు నేనూ మానేద్దామనుకున్నాను. ఆ షీట్ సదివి ఆగినాను. నిజం."

"నువ్వు ఆగినావు. నా పరువు ఎల్లిపోనాది" అన్నాను. వాడికి కోపం రాలేదు. అదింకా కష్టంగా అనిపించింది.

ఇంటికి నడుస్తూ కూతుర్ని అడిగాను. "నీకూ తెలుసా?"

"తెలుసు నాన్నా."

"ఆ షీట్ అడుగున ప్రశ్న గుర్తు ఒకటి ఉన్నాది. ఏటది?"

"ఈ కుర్రోడు మీ క్లాసుకొస్తే ఏటి సెప్తావు, మూడు వాక్యాల్లో రాయి అని."

"ఏటి రాసినావు?"

"గుర్తు లేదు."

దానికి అన్నీ గుర్తుంటాయి. నా టోపీ ఎక్కడ పెట్టానో నాకన్నా దానికే బాగా గుర్తు.

టీచరమ్మ నాకు చేసిన మంచి చిన్నది కాదు. మా మెషిన్ పాడై మూడు వారాలు పడి ఉంటే, రోడ్డు అవతల కొత్త షాపు ఉండి కూడా, ఆవిడ వెళ్ళలేదు. ముప్పైమంది చేత బోర్డు మీంచి చూసి రాయించింది. "కాపీలు అప్పల్రాజు దగ్గరే" అందట. నా కూతురు ఈ రోజు పిల్లల ముందు నిలబడి పేరా చదువుతోందంటే అది ఆవిడ వల్లే. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా? అడిగితే ఒప్పుకోనని ఆవిడకి తెలుసు. తెలుసు కాబట్టే అడగలేదు. ఎవరికీ చెప్పనంది, చెప్పలేదు. రాసి, నా చేతే కాపీలు తీయించింది. నేను ఎవరి మీదా ఇంత పెద్ద ఆట ఆడలేదు. వెళ్ళి దెబ్బలాడదామంటే ఆవిడ లేదు.

ఆవిడ షీట్ల అసలు కాగితాలన్నీ నా షాపులోనే ఒక ఫైల్లో ఉంటాయి. మర్నాడు ఎడ్యుకేషన్ షీట్ బయటికి తీశాను, చింపేద్దామని. సగానికి మడిచాను కూడా. అప్పుడే పదో తరగతి అమ్మాయిలు ముగ్గురు వచ్చారు, టీచరమ్మ చివరి బ్యాచ్.

"మామా, ఎడ్యుకేషన్ షీట్ మూడు కాపీలు. మాధ్యమిక్ దగ్గరికొచ్చేసినాది."

"నేదు."

"నీ దగ్గరే ఉంటాదని టీచరమ్మ సెప్పినారు. నీ సేతిలో ఉన్నాది అదే కదా?"

మడత విప్పాను. తెల్ల కాగితం నుంచి సన్నటి ముక్కలు మూడు కత్తిరించి, నా పేరున్న మూడు చోట్లా జిగురుతో అంటించాను. గాజు మీద పెట్టి మూత వేశాను. వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళింది. మూడు కాగితాలు బయటికి వచ్చాయి. నా పేరు ఎక్కడా లేదు. ఎన్నాళ్ళకో ఆ రోజు సరిగ్గా ఒక ఆట గెలిచాననుకున్నాను.

పొడుగు జడ అమ్మాయి కాగితం తీసుకుని వేలితో లెక్కపెట్టింది. "మామా, ఇందులో ఖాళీలు ఎక్కువ ఉన్నాయి."

"ఉంటే ఉండనీ. ఒగ్గీయండి."

"ఖాళీ ఒగ్గకూడదు కదా" అని, కౌంటరుకి దారంతో కట్టిన పెన్ను అందుకుంది.

నా వైపు చూడనైనా లేదు, ఆలోచించనూ లేదు. కౌంటరు మీద వంగి మూడు ఖాళీల్లోనూ ఒకటే మాట రాసింది. నాకు అది తలకిందులుగా కనిపిస్తోంది. అయినా చదవగలిగాను. మిగతా ఇద్దరూ ఆ అమ్మాయి కాగితంలోకి చూసి, అదే మాట, అవే చోట్ల దించుకున్నారు. అప్పటికి కాగితాల వేడి ఇంకా తగ్గలేదు.