ప్లగ్గులకు జ్వరం చూసే మ్యాంగ్ తాత

మ్యాంగ్ తాతకు ఉన్నది ఒకటే పిచ్చి. ఎవరింటికి వెళ్లినా ముందు గోడనున్న ప్లగ్గులకు జ్వరం చూస్తాడు. వేళ్ల వెనకవైపు ఆనించి, కళ్లు మూసుకుని, ఉయ్యాల్లో పాపను తాకినట్టు తాకుతాడు. ఒకసారి చావింట్లో పటానికి వంగి మొక్కుతూ పక్కనున్న దీపం ప్లగ్గు తడిమి, "పెద్దాయన చల్లగానే ఉన్నాడు, ఇదే కాలిపోతోంది!" అన్నాడట.

సియోల్‌లో ఆయన ఇంటి కింద, సగం నేలలోకి దిగిన గదిలో సో-హ్వా అద్దెకుంటుంది. పెళ్లిళ్లకు కొరియా సంప్రదాయ దుస్తులైన పట్టు హన్‌బోక్‌లు కుడుతుంది. ముసురు పట్టిందంటే ఆమె కిటికీలో ఆకాశం ఉండదు, గొడుగుల కింద నడిచే కాళ్లే ఉంటాయి. గోడలకు చెమట పడుతుంది. ఆదివారం పెళ్లికి ఇవ్వాల్సిన దానిమ్మపువ్వు రంగు పావడా మీద ఒక్క బూజు చుక్క పడినా ఆమెకు మళ్లీ ఎవరూ పట్టు అప్పగించరు. అందుకే గాలిలోని తేమ లాగి తన తొట్టిలో నీళ్లుగా నింపుకునే మిషను కొంది.

కొన్న రోజే తాత మెట్లు దిగాడు.

"ఏంటమ్మాయ్ ఇది? ఇస్త్రీపెట్టె, కుట్టుమిషను, ఈ కొత్తల్లుడు, ముగ్గురూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులోనా?"

"గోడ ప్లగ్గు అటు మూల ఉంది తాతయ్యా."

"అయితే దాన్నే అటు నడిపించు. చక్రాలు అందానికిచ్చారా?"

మిషను వైరు తిన్నగా గోడకే పెట్టించాడు. నేల తడి తగలకుండా కింద పలక వేశాడు. ఊపిరాడేందుకు గోడకు జానెడు ఎడంగా జరిపాడు.

"ఆ కిటికీ మూయి! తెరిచి పెడితే హాన్ నది మొత్తం నీ తొట్టిలోకే వస్తుంది."

ఆ తర్వాత రోజూ తలుపు చప్పుడే.

"జ్వరం ఎలా ఉంది?"

"నాకా తాతయ్యా?"

"నీకేం, రాయిలా ఉన్నావు. దానికి!"

శనివారానికి పావడా పూర్తయింది. పొడిగా, వెన్నెల ఆరేసినట్టు ఉంది. సంబరంగా పుచ్చకాయ పట్టుకుని మేడెక్కిన సో-హ్వా గుమ్మంలోనే ఆగిపోయింది. గది ఆవిరి గిన్నెలా ఉంది. తాత నెత్తిన తడి తువ్వాలు వేసుకుని విసనకర్ర ఊపుకుంటున్నాడు. గోడమీద ఏసీ మూగగా ఉంది, దాని వైరు చుట్టచుట్టి కట్టేసి ఉంది.

"ఏసీ పాడైందా?"

"గాలి మోకాళ్లకు పడదు."

"మోకాళ్లా!" వంటగదిలోంచి బామ్మ గయ్యిమంది. "ఈ పాత వైర్లకు పైన ఏసీ, కింద నీ మిషనూ, ఇస్త్రీపెట్టే కలిస్తే కరెంటు టప్పున పోతుంది. మిషను ఆగితే పట్టు పాడైపోతుందని, వారంగా నన్ను కుడుములా ఉడికిస్తున్నాడు!"

"చెప్పొచ్చుగా తాతయ్యా!"

"చెబితే నువ్వు దాన్ని ఆపేస్తావు," అన్నాడు తాత, విసనకర్రను చూస్తూ.

సో-హ్వా ఆయన బుగ్గకు వేళ్ల వెనకవైపు ఆనించి కళ్లు మూసుకుంది.

"కాలిపోతోంది. వెంటనే పీకేయాల్సిందే!"

పెళ్లి జరిగింది, పావడా మెరిసింది. ముసురు మాత్రం వదల్లేదు. ఇప్పుడు తొట్టి నిండి మిషను కుయ్‌మని ఆగినప్పుడల్లా సో-హ్వా మెట్ల కిందనుంచి కేకేస్తుంది: "తాతయ్యా, నిండింది!" మిషను ఆగి ఉన్నంతసేపూ పైన ఏసీ గుర్రుమంటుంది.

నీళ్లు పారబోసే చోటు పక్కనే. సూదిలో దారం రెప్పపాటులో ఎక్కించే సో-హ్వా ఆ తొట్టి దగ్గర మాత్రం నత్తకు చెల్లెలైపోతుంది. పైనుంచి తాత గురక వినపడేదాకా దాన్ని ఖాళీ చేస్తూనే ఉంటుంది.